బొమ్మలు ముందు, సరస్సు తర్వాత: టామ్ థామ్సన్ దారిలో ఒంటారియో యాత్ర

కెనడా చిత్రకారుడు టామ్ థామ్సన్‌కి రెండు సమాధులున్నాయి. ఒకటి ఒంటారియోలోని అల్గాంక్విన్ పార్కులో కెనూ లేక్ అనే సరస్సు పక్కన, చెట్ల మధ్య. రెండోది అక్కడికి చాలా దూరంలో, జార్జియన్ బే దగ్గర లీత్ అనే పల్లెలో, చర్చిని ఆనుకుని. ఆయన శరీరం ఈ రెంటిలో ఎక్కడుందన్న వాదన వందేళ్లు దాటినా తెగలేదు. టొరంటో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం ప్రతి ఏడాదీ ఫాల్ కలర్స్ కోసం అదే సరస్సు పక్కనుంచి కార్లలో వెళ్లిపోతుంటాం. ఎర్రబడ్డ మేపుల్ చెట్ల ముందు ఫోటోలు దిగుతాం. ఆ ఎరుపుని మొదట ఈ దేశానికి చూపించినవాళ్లలో ఒకడు ఆ నీళ్లలోనే చనిపోయాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఈసారి ఆయన కోసమే వెళ్లాం. ఎక్కడికి వెళ్లాలి, ఏ వరసలో వెళ్లాలి, పెద్దవాళ్లతో వెళ్తే ఏం చూసుకోవాలి అన్నది రాద్దామనిపించింది.

ముందు మనిషి గురించి కొంచెం. 1877లో పుట్టాడు. టొరంటోలో గ్రిప్ అనే డిజైన్ కంపెనీలో పనిచేస్తూ 1912లో మొదటిసారి అల్గాంక్విన్ అడవికి వెళ్లాడు. ఆ తర్వాత ఐదేళ్లే బతికాడు. ఆ ఐదేళ్లలోనే గైడ్‌గా, అడవి మంటలు కాపలా కాసే రేంజర్‌గా పని చేసుకుంటూ, చిన్న చిన్న చెక్క పలకల మీద వందల కొద్దీ ఆయిల్ స్కెచ్‌లు వేశాడు. 1917 జూలై 8న కెనూలో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలో, ఒంటరిగా బయల్దేరాడు. ఎనిమిది రోజుల తర్వాత శవం తేలింది. అప్పటికి 39 ఏళ్లు. నీట మునిగి చనిపోయాడని కరోనర్ (అనుమానాస్పద మరణాల మీద విచారణ చేసే అధికారి) తేల్చాడు. కణత మీద దెబ్బ ఉందనీ, కాలికి చేపల గాలం తాడు చుట్టుకుని ఉందనీ చూసినవాళ్లు చెప్పారు. అంతే, అక్కడినుంచి హత్య కథలు, ఆత్మహత్య కథలు మొదలయ్యాయి. ముందు సరస్సు దగ్గరే పూడ్చారు. ఒకటి రెండు రోజుల్లోనే ఇంటివాళ్లు పంపిన మనిషి వచ్చి, రాత్రిపూట తవ్వి, పెట్టెలో పెట్టి లీత్‌కి పంపించాడని లెక్క. నిజంగా తవ్వాడా, ఖాళీ పెట్టె పంపాడా అన్నదే ఆ తెగని వాదన. థామ్సన్ పోయిన మూడేళ్లకి, 1920లో, ఆయన స్నేహితులు గ్రూప్ ఆఫ్ సెవెన్ పేరుతో ఒక జట్టు కట్టారు. కెనడా చిత్రకళ అంటే ఇప్పటికీ మొదట వినిపించేది ఆ పేరే.

మాతో ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నా ఉన్నారు. "శ్మశానాలు చూడ్డానికి ట్రిప్పేమిటే? వెళ్లొచ్చి స్నానం చెయ్యకుండా హోటల్లో ఎలా తింటాం?" అంది అమ్మ. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. గోదావరి కాలవల మీద ఉద్యోగ జీవితమంతా గడిపిన మనిషి. ఆయనకి సరస్సు అనగానే ఆసక్తి కలిగింది. అమ్మని ఆయనే ఒప్పించారు.

మొదట క్లైన్‌బర్గ్‌లోని మెక్‌మైకేల్ గ్యాలరీకి వెళ్లాం. బ్రాంప్టన్ నుంచి అరగంట. రాబర్ట్, సిగ్నీ మెక్‌మైకేల్ అనే దంపతులు 1952లో ఇక్కడ స్థలం కొని, ఇల్లు కట్టుకుని, బొమ్మలు సేకరించి గోడలకి తగిలించుకున్నారు. 1965లో ఇల్లు, స్థలం, బొమ్మలు అన్నీ కలిపి ఒంటారియో ప్రభుత్వానికి ఇచ్చేశారు. దుంగలూ రాళ్లతో కట్టిన గదులు, పెద్ద పెద్ద కిటికీలు, బయట హంబర్ నది లోయ. గోడ మీద అడవి చూసి తల తిప్పితే కిటికీలో అడవి ఉంటుంది.

థామ్సన్ స్కెచ్‌ల దగ్గర తీరిగ్గా నిలబడండి. ఒక్కో చెక్క బడి పలకంతే ఉంటుంది. పుస్తకాల్లో, ఫోన్లో చూసినప్పుడు అవి పెద్ద కాన్వాసుల్లా అనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే రంగు ఎంత మందంగా, ఎంత తొందరగా పెట్టాడో తెలుస్తుంది. మబ్బు కదిలిపోయేలోపు, చలికి వేళ్లు కొంకర్లు పోయేలోపు పూర్తి చెయ్యాలన్న ఆత్రం అది. కొన్నిచోట్ల రంగు మధ్యలోంచి కింది చెక్క కనిపిస్తుంది. 1917 వసంతంలో మంచు కరగడం దగ్గర్నుంచి రోజు రోజుకీ అడవి ఎలా మారుతుందో వరసగా వేసుకుంటూ వచ్చాడు. ఆ వేసవిలోనే పోయాడు. ఈ పలకలు చూడకుండా కెనూ లేక్‌కి వెళ్తే అది ఒక మిస్టరీ జరిగిన చోటుగా మాత్రమే కనిపిస్తుంది. చూసి వెళ్తే, ఒక మనిషి పని సగంలో ఆగిపోయిన చోటుగా కనిపిస్తుంది. క్లైన్‌బర్గ్‌కి ముందు వెళ్లమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

గ్యాలరీ ఆవరణలోనే చిన్న సమాధుల తోట ఉంది. ఎ.వై. జాక్సన్, లారెన్ హారిస్, ఫ్రెడరిక్ వార్లీ, ఆర్థర్ లిస్మర్, ఫ్రాంక్ జాన్‌స్టన్, ఎ.జె. కాసన్. గ్రూప్ ఆఫ్ సెవెన్‌లో ఆరుగురు ఇక్కడే ఉన్నారు. పాలరాతి శిలువలు, దేవదూత బొమ్మలు ఏమీ లేవు. జీవితమంతా వాళ్లు గీసిన ఉత్తరాది బండరాళ్లే గుర్తుగా పెట్టారు. హారిస్ 1970లో వాంకూవర్‌లో పోయాడు. అంత దూరం నుంచి ఇక్కడికే చేర్చారు. జాక్సన్ అయితే చివరి ఏళ్లు ఈ గ్యాలరీలోనే ఉండి, వచ్చినవాళ్లతో మాట్లాడుతూ గడిపి 1974లో పోయాడు. మెక్‌మైకేల్ దంపతులు కూడా ఇక్కడే ఉన్నారు. మన ఇళ్లలో అస్థికలు గోదావరిలో కలిపాక మిగిలేది గోడ మీద ఫోటో, ఏడాదికోసారి తద్దినం. స్నేహితులంతా ఒకే చెట్ల కింద, తాము వేసిన బొమ్మలకి నాలుగడుగుల దూరంలో ఉండటం నాకు చాలా నచ్చింది. కారులోనే కూర్చుంటానన్న అమ్మ కూడా దిగొచ్చింది.

థామ్సన్ మాత్రం వాళ్ల మధ్య లేడు. ఆయన గుడిసె ఉంది. టొరంటోలో చిత్రకారులు పనిచేసుకునే స్టూడియో బిల్డింగ్ వెనక నెలకి ఒక డాలరు అద్దెకి చలికాలాలు గడిపిన చెక్క షెడ్డుని 1962లో ఇక్కడికి తెచ్చారు. 1979లో ఒజిబ్వే తెగ ఆదివాసీ చిత్రకారుడు నోర్వాల్ మోరిసో ఈ గుడిసెలో కూర్చుని పనిచేశాడు. ఆ గుమ్మం ముందు నిలబడి నేను థామ్సన్ కంటే మోరిసో గురించే ఎక్కువ ఆలోచించాను. 2007లో ఆయన పోయాక కూడా ఆయన పేరుతో దొంగ బొమ్మలు తయారవుతూ వచ్చాయి. 2023లో ఒంటారియో పోలీసులు ఆ కేసులో ఎనిమిది మందిని అరెస్టు చేశారు. ఒక చిత్రకారుణ్ని గుర్తుపెట్టుకోవడమంటే ఏది ఆయన చేతి పనో, ఏది కాదో తేల్చి కాపాడటం కూడా. గ్యాలరీలో ఆదివాసీ చిత్రకారుల గదులకి తప్పకుండా టైం ఉంచుకోండి. చాలామంది గ్రూప్ ఆఫ్ సెవెన్ చూసి అలసిపోయి వెళ్లిపోతున్నారు.

సౌకర్యాల మాటకొస్తే, లోపల నడవడం తేలిక, కూర్చోవడానికి బెంచీలున్నాయి, వాష్‌రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయి. సమాధుల దగ్గర నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి చెయ్యి అందించాలి. ఏ రోజులు తెరిచి ఉంటుందో బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

థామ్సన్‌తో సంబంధం లేకపోయినా, కళాకారుల సమాధులు చూడాలనుకుంటే టొరంటోలోనే మౌంట్ ప్లెజెంట్ సిమెట్రీ ఉంది. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ సమాధి అక్కడే. యాభయ్యో పుట్టినరోజు దాటిన రెండు రోజులకి స్ట్రోక్ వచ్చి, 1982 అక్టోబర్ 4న పోయాడు. నేలమట్టంగా ఉన్న రాయి మీద పియానో ఆకారం, జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌లోని మొదటి స్వరాలు చెక్కారు. 1955లో రికార్డు చేస్తే ఆయనకి పేరు తెచ్చింది ఆ సంగీతమే, పోవడానికి ఏడాది ముందు మళ్లీ రికార్డు చేసిందీ అదే. ఆయన వాయించిన బాఖ్ ముక్క ఒకటి వాయేజర్ అంతరిక్ష నౌకల్లో నక్షత్రాల వైపు వెళ్తోంది కూడా. సబ్‌వే దిగి నడిచి వెళ్లొచ్చు, ఖర్చేమీ లేదు. సిమెట్రీ చాలా పెద్దది, రాయి నేలకి అంటుకుని ఉంటుంది కాబట్టి మ్యాప్ చేతిలో లేకుండా వెతకొద్దు. ఇయర్‌ఫోన్స్ తీసుకెళ్లండి.

ఇక అల్గాంక్విన్. పార్కుకి పడమటి వైపు మంచి మకాం హంట్స్‌విల్. అక్కడ రెండు రకాల బసలు చూశాం. మొదటిది హైవే పక్కన ఒక మోటెల్. ఆన్‌లైన్ ఫోటోల్లో సరస్సు కనిపించింది. మాకిచ్చిన గది కిటికీలోంచి పార్కింగ్ కనిపించింది. హీటర్ రాత్రంతా గడగడలాడింది. ఎక్కువ దుప్పట్లు అడిగితే ఉదయం ఇస్తామన్నారు. ఫాల్ సీజన్ వీకెండ్ కాబట్టి రేటు మామూలు కంటే బాగా ఎక్కువ. నాన్నకి నిద్ర లేదు. మర్నాడు ఊళ్లో ఒక పెద్దావిడ నడిపే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌కి మారాం. రేటు తక్కువ, గది వెచ్చగా ఉంది. మేం గుడ్డు కూడా తినం అని చెబితే ఆవిడ ఓట్స్, పళ్లు, వేయించిన బంగాళదుంపలు పెట్టింది. మేం తెచ్చుకున్న పులిహోర వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్ వాడుకోనిచ్చింది. ఇబ్బందల్లా మెట్లు. ఇలాంటి ఇళ్లలో గదులు ఎక్కువగా పైఅంతస్తులో ఉంటాయి. పెద్దవాళ్లుంటే బుక్ చేసేటప్పుడే కింద గది ఉందా అని ఫోన్ చేసి అడగండి. శాకాహారులకి ఆ ఊళ్లో పిజ్జా, పాస్తా తప్ప పెద్దగా దొరకదు. పెరుగు, పచ్చడి, అన్నం వెంట ఉంటే టెన్షన్ ఉండదు.

హంట్స్‌విల్ ఊరంతా గోడల మీద గ్రూప్ ఆఫ్ సెవెన్, థామ్సన్ బొమ్మల్ని పెద్ద మ్యూరల్స్‌గా వేశారు. సాయంత్రం నడకకి బాగుంటుంది. థామ్సన్ విగ్రహం కూడా ఒకటుంది. మెక్‌మైకేల్‌లో పలకలు చూసి వచ్చినవాళ్లకి ఈ పెద్ద గోడ బొమ్మల్లో ఆ చేతి ఆత్రం కనిపించదు, కానీ పిల్లలకి మాత్రం ఇవే నచ్చుతాయి.

పార్కు వెహికల్ పర్మిట్ ముందే ఆన్‌లైన్లో కొనుక్కోవాలి. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో వీకెండ్ పర్మిట్లు అయిపోతాయి, గేటు దగ్గర్నుంచి వెనక్కి పంపిస్తారు. వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి. హైవే 60 మీద పడమటి గేటు దగ్గర్నుంచి కిలోమీటర్ల లెక్కతో చోట్లు చెబుతారు. 14 దగ్గర కెనూ లేక్. అక్కడ పోర్టేజ్ స్టోర్‌లో కెనూలు అద్దెకిస్తారు. లైఫ్ జాకెట్లు, తెడ్లు వాళ్లే ఇచ్చి ఎలా ఎక్కాలో, ఎక్కడ కూర్చోవాలో చూపించారు. కొత్తవాళ్లమని చూసి విసుక్కోలేదు, మ్యాప్ మీద దారి గీసి మరీ పంపించారు. ఉదయాన్నే బయల్దేరడం మంచిది. మధ్యాహ్నం గాలి లేస్తే ఆ సరస్సు మీద తెడ్డు వెయ్యడం కష్టం. మేం తిరిగొచ్చేటప్పటికే కెరటాలు మొదలయ్యాయి. అమ్మ ఒడ్డునే ఉండిపోయింది. నాన్న, నేను, మా ఆయన వెళ్లాం.

ఉత్తరం వైపు వెళ్తే హేహర్స్ట్ పాయింట్ అనే చోట ఒడ్డు ఎత్తుగా ఉంటుంది. కెనూ కట్టేసి పైకి ఎక్కితే రాళ్లు పేర్చి కట్టిన స్తూపం, దాని మీద కంచు ఫలకం. చనిపోయిన ఏడాదే, సెప్టెంబర్ చివర్లో, స్నేహితులు జె.ఇ.హెచ్. మెక్‌డొనాల్డ్, జె.డబ్ల్యు. బీటీ వచ్చి కట్టించారు. ఫలకం మీది మాటలు మెక్‌డొనాల్డ్ రాసినవే. చిత్రకారుడు, అడవి ఎరిగినవాడు, గైడ్ అని ఆయన్ని పిలిచి, కెనూ లేక్‌లో మునిగిపోయాడని రాశాడు. వినయంగా, కానీ అడవి మీద తీరని ప్రేమతో బతికాడని రాశాడు. హత్య గిత్య ఒక్క మాట లేదు. మనిషిని దగ్గరగా ఎరిగినవాళ్లు, దుఃఖం ఇంకా ఆరకముందే రాసిన మాటలు ఇవి. ఈ యాత్రలో చూసిన అన్ని గుర్తుల్లో నాకు ఎక్కువ విలువైనది ఇదే. పక్కన బొమ్మలు చెక్కిన టోటెమ్ అనే కొయ్య స్తంభం ఒకటుంది, 1930లో పెట్టారు. అది పసిఫిక్ తీరపు ఆదివాసుల సంప్రదాయం, ఈ అడవిది కాదు. స్తూపం పక్కన అది అవసరం లేదనిపించింది.

అక్కడ నాన్న చాలాసేపు నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు. "నాన్నా, ఏమంటారు? ఎవరైనా చంపి ఉంటారంటారా?" అని అడిగాను.

"కాలవల్లో ఎన్ని చూశానమ్మా. ఈత వచ్చినవాళ్లే ఎక్కువ పోతారు. ఇంత సన్నటి పడవలో లేచి నిలబడితే చాలు, కాలు జారి తల అంచుకి తగిలితే ఇంక లేవడు. అడుగున నీళ్లు చల్లగా ఉంటే పైకి తేలడానికి రోజులు పడుతుంది" అన్నారు. కాసేపాగి, "ఎలా పోయాడని అందరూ అడుగుతున్నారు. ఆ ఏడాది ఇంకా ఎన్ని వేసేవాడో ఎవరూ అడగరేం?" అన్నారు.

నా మనసులో మాటా అదే. ఈ ప్రాంతంలో దొరికే పుస్తకాలు, గైడ్ల మాటలు, టూరిస్టుల కబుర్లు ఎక్కువగా ఆ చావు చుట్టూనే తిరుగుతాయి. 1956లో కొందరు వచ్చి పాత సమాధి దగ్గర తవ్వారు. ఒక అస్థిపంజరం దొరికింది. పుర్రెకి రంధ్రం ఉందన్నారు. అధికారులు పరీక్షలు చేయించి, అది థామ్సన్‌ది కాదు, ఒక ఆదివాసీ మనిషిదని చెప్పారు. అప్పట్నుంచి ఆ ఎముకలు థామ్సన్‌వి అవునా కాదా అన్న చర్చే సాగుతోంది. అధికారులు చెప్పిందే నిజమైతే, పేరు లేని ఒక మనిషి నిద్రని ఇంకొకరి పేరు కోసం చెడగొట్టారన్నమాట. ఆయన ఎవరు, ఆయనవాళ్లు ఎవరు అని బాధపడ్డవాళ్లు ఎంతమంది? ఇది తల్చుకుంటే నాకు కోపం వస్తుంది. ఆ పాత సమాధుల చోటు మోవట్ అనే పాత కలప ఊరి దగ్గర, చెట్ల మధ్య ఉంది. మేం వెళ్లలేదు. మీరూ వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

కెనూ లేక్ దాటి హైవే మీద ఇంకా తూర్పుకి వెళ్తే 20వ కిలోమీటర్ దగ్గర ఆర్ట్ సెంటర్, 43 దగ్గర విజిటర్ సెంటర్ ఉన్నాయి. రెండోదాని వెనక వరండాలోంచి అడవి మైళ్ల కొద్దీ కనిపిస్తుంది, మెట్లెక్కలేనివాళ్లకి అంతకన్నా మంచి చోటు లేదు. అమ్మకి పార్కులో నచ్చింది అదే.

చివరికి లీత్. హంట్స్‌విల్ నుంచి ఓవెన్ సౌండ్‌కి మూడు గంటల డ్రైవ్, దారి మామూలే. థామ్సన్ పెరిగింది ఈ ప్రాంతంలోనే. ఓవెన్ సౌండ్‌లో ఆయన పేరుతో 1967లో పెట్టిన ఆర్ట్ గ్యాలరీ ఉంది. చిన్నది, గంటలో అయిపోతుంది. మెక్‌మైకేల్ చూసినవాళ్లు వదిలేసినా పెద్ద నష్టం లేదు. ఊళ్లో మేం దిగిన హోటల్‌కి లిఫ్ట్ ఉంది, గదులు శుభ్రంగా ఉన్నాయి, అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు.

లీత్‌లో పాత చిన్న చర్చి, పక్కన సమాధులు. టికెట్ లేదు, గైడ్ లేడు, షాపు లేదు. రాయి మీద, చుట్టూ జనం వదిలివెళ్లిన కుంచెలు, నాణేలు, గులకరాళ్లు. సరస్సు ఒడ్డున స్తూపం చూశాక దీని దగ్గర నాకేమీ అనిపించదనుకున్నాను. అమ్మ మాత్రం అక్కడి నుంచి కదలలేదు. కథంతా కారులో విన్నది కదా. "వాళ్లమ్మ బతికుందా అప్పటికి?" అని అడిగింది. ఉందని చెప్పాను. "మరి తెచ్చుకోదూ? ఎక్కడో నీళ్ల పక్కన వదిలేస్తుందా? పెట్టెలో ఉన్నాడో లేడో వాళ్లకెలా తెలుస్తుంది, ఉన్నాడనే కదా మట్టి వేసింది" అంది.

అప్పటిదాకా లీత్ వాళ్లు సరస్సు నుంచి ఆయన్ని తీసుకుపోయారన్న వైపే నేను ఆలోచించాను. స్నేహితులకి ఆయన అడవివాడు. ఇంటివాళ్లకి ఆయన కొడుకు. రెండూ నిజమే. ఎక్కడున్నాడన్న ప్రశ్నకి జవాబు దొరక్కపోయినా, ఎవరు ఎక్కడ ఏడ్చారన్నది మాత్రం ఈ రెండు చోట్లా స్పష్టంగానే ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లకి నా మాట ఇది. ఒక్క రోజే ఉంటే క్లైన్‌బర్గ్, వేరే ఆలోచన వద్దు. రెండు మూడు రోజులుంటే క్లైన్‌బర్గ్ తర్వాత కెనూ లేక్. లీత్‌ని, ఇంకా ఉత్తరాన ఉన్న టాబర్‌మరీ అనే ఊరికి వెళ్లేటప్పుడు ఆ దారిలో కలుపుకోండి, దాని కోసమే అంత దూరం వెళ్లాలంటే ఇంట్లో అందరూ ఒప్పుకోరు. మే, జూన్ నెలల్లో బ్లాక్‌ఫ్లైలు అనే కుట్టే ఈగలు, దోమలు నిలవనివ్వవు. చిన్నపిల్లలుంటే ఆగస్టు చివర మేలు. అక్టోబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ వీకెండ్‌లో మాత్రం అల్గాంక్విన్ వైపు వెళ్లొద్దు, హైవే 60 మీద కార్లు ఆగిపోతాయి. అక్టోబర్ రెండో వారం దాటితే కెనూ అద్దెలు ఆపేస్తారు కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి. కెనూలో ముగ్గురు కూర్చుంటే మధ్యలో కూర్చునేవాళ్లకి దళసరి తువ్వాలు ఒకటి వేసివ్వండి, వెళ్లి వచ్చేసరికి నడుం పట్టేస్తుంది.